రెండు పగళ్ళు, ఒక రాత్రి

ప్యాకేజీ పేరు అదే.
మనిషికి మూడు వేల నాలుగు వందల తొంభై తొమ్మిది.
ఆషాఢంల ఒక శుక్రవారం రాత్రి
లక్డీకాపూల్ పెట్రోల్ బంకు ముందర
పద్నాలుగు మందిమి బస్సెక్కినం
కొత్త బూట్ల వాసనతోటి,
ఒకరి పేర్లు ఒకరికి తెల్వకుంట.

తెల్లారేసరికి గుట్ట కింద
రబ్బరు చెప్పులతో నిలబడి ఉన్నడు కుమ్రం జైతు.
ఒక్కొక్కరికీ చేయి చాచి
"రాం రాం" అన్నడు
పద్నాలుగు సార్లు, తొందర లేకుంట.

నిటారు ఎక్కుడు మొదలైనంక
మోకాళ్ళు నా మాట వినలే.
"కిందికి చూడకు బాయీ,
పైకీ చూడకు.
కాలు పెట్టే జాగ చూడు, చాలు."
రెండు గంటలు ఆ మాట పట్టుకునే ఎక్కిన.

రాత్రి వాళ్ళ గూడెంల జొన్నరొట్టె, చింతతొక్కు.
మాలో ఒకాయన గుస్సాడీ ఆడి చూపియ్యమన్నడు,
వీడియో తీసుకుంటనని.
జైతు తల్లి పొయ్యిల కట్టె జరిపి
దండారికి ఇంకా నాలుగు నెలలున్నదన్నది.
నెమలీకల టోపీ అప్పటిదాక కిందికి దిగదు.
ఆయన పైసలిస్తనన్నడు.
ఆమె అప్పట్నుంచి
తెలుగు రానట్టు కూచున్నది.

పోయిన వారం ఫోను:
"బాయీ, హైదరాబాద్ వచ్చిన.
గైడు ట్రైనింగట, రెండు రోజులు.
సర్టిఫికెట్ లేకుంటే గుట్ట ఎక్కనియ్యరట."
ఎవరినని అడిగిన.
"నన్నే."

అమీర్‌పేటల మూడో అంతస్తు, వణికించే ఏసీ.
తెర మీద గుట్ట బొమ్మ,
గుట్ట నిండా బాణం గుర్తులు.
పాము కరిస్తే ఏం చేయాలెనో చెప్పిన సారు
పామును చూసినట్టు లేడట.
నవ్వకుంటనే చెప్పిండు ఇదంతా.
మెడల ప్లాస్టిక్ కార్డు మీద
జైతు కాదు, జైటు.

మైత్రీవనం దగ్గర సాయంత్రం ఆరు.
పులి అడుగును జానతో కొలిచి
ఇది ఆడది, నిన్న రాత్రి పోయిందన్న మనిషి
ఫుట్‌పాత్ అంచున ఆగిపోయిండు.
చేయి పట్టుకున్న.
కాలు పెట్టే జాగ చూడు, చాలు
అనబోయి నోరు మూసుకున్న.
ఇక్కడ ఆ మాట నమ్మితే
బస్సు కింద పడుతం.

పొద్దున్నే, క్లాసుకు ముందు,
ఖాజాగూడ గుట్టలకు తీస్కపోయిన,
మా గుట్ట కూడా చూడు అని.
రాయి మీద రాయి, రాయి మీద
సున్నంతో రాసిన ప్రేమలు, ఫోన్ నంబర్లు.
"దీని పేరేంది?"
ఖాజాగూడ.
"అది ఊరి పేరు. ఈ రాయి పేరు?"

నాకు తెల్వదు.
అవతలి టవర్ల పేర్లయితే
వరసపెట్టి చెప్పగలను,
చదరపు అడుగు ఎంతనో సహా.
రాయి మీద అరచేయి పెట్టి
జ్వరం చూసినట్టు కొంచెంసేపు ఉన్నడు.
ఏం తెలిసిందో నాకు చెప్పలే.

దిగేటప్పుడు అడిగిండు:
"ఆనాడు మీరు ఒక్కొక్కరు ఎంతిచ్చిండ్రు?"
చెప్పిన.
వేళ్ళ కణుపుల మీద బొటనవేలు నడిచింది
పద్నాలుగు దాక.
"నాకు ఆరు వందలు.
రొట్టెలకు అమ్మకు నాలుగు వందలు."
మళ్ళ కాసేపటికి,
"బూట్లు మంచిగుండె, మీయి" అన్నడు.

రాత్రి జేబీఎస్‌ల ఆసిఫాబాద్ బస్సు.
సర్టిఫికెట్‌ను గొట్టం లెక్క చుట్టి
చంకల పెట్టుకున్నడు.
కిటికీలకెళ్ళి యాభై రూపాయల నోటు చాచిండు.
ఏందిది?
"గైడు పైసలు. రోడ్డు దాటిపిచ్చినవ్ గద."
వద్దన్న.
"తక్కువైందా?"
నవ్విండో లేదో చీకట్ల కనపడలే.
బస్సు కదిలింది, నోటు నా చేతులనే ఉన్నది.

బయటికొస్తే అవతలి దిక్కు పోవాలె నేను.
రోజూ దాటే రోడ్డే.
రెండుసార్లు సందు దొరికింది కూడా.
దాటలే.
అంచుననే
కొంచెంసేపు నిలబడ్డ.